ఇంకిన ఓట్లకూ ఒక రంగు కావాలి

"1969లో వి.వి. గిరి రెండో ప్రాధాన్య ఓట్లతో రాష్ట్రపతి అయ్యారు." పోటీ పరీక్షలకు చదివిన వారెవరికైనా ఈ వాక్యం కంఠస్థమే. రాష్ట్రపతి ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దీన్ని దుమ్ము దులిపి బయటికి తీస్తూనే ఉంటారు. ఇది అబద్ధమని నేననను. కానీ నిజాన్ని తలకిందులుగా నిలబెట్టిన వాక్యమిది. దీన్ని విన్నవాడు ఏమనుకుంటాడు? తొలి లెక్కలో గిరి వెనకబడి ఉన్నారనీ, రెండో ప్రాధాన్యాలు వచ్చి ఆయన్ని ఒడ్డుకు చేర్చాయనీ అనుకుంటాడు. జరిగింది దాదాపు దానికి విరుద్ధం.

లెక్కలు చూడండి. తొలి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515. నీలం సంజీవరెడ్డికి 3,13,548. సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. మిగిలిన వారందరికీ కలిపి 8,505. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337 కాగా, గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ అంత రాలేదు గనక అట్టడుగు నుంచి ఒక్కొక్కరినే తొలగిస్తూ, వారి ఓట్లను పత్రాల మీది తరువాతి అంకెల ప్రకారం పంచుకుంటూ పోయారు. చివరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427.

ఇప్పుడు తీసివేత చేయండి. పంపకంలో గిరికి కొత్తగా చేరినవి 18,562. సంజీవరెడ్డికి చేరినవి 91,879. దాదాపు అయిదు రెట్లు! గీత దాటడానికి గిరికి ఆ 18,562 అవసరమైన మాట వాస్తవమే. కానీ రెండో ప్రాధాన్యాల గాలి మొత్తంగా వీచింది సంజీవరెడ్డి వైపు. అవి గిరిని గెలిపించాయనడం కంటే, ఓడించబోయి కొద్దిలో ఆగిపోయాయనడం సబబు.

ఇంకొక తీసివేత కూడా ఉంది, దాన్ని ఎవరూ చేయరు. చివరి ఇద్దరి మొత్తాలను కలిపితే 8,25,504. మొదట ఉన్నది 8,36,337. తక్కిన 10,833 ఏమైపోయాయి? అవి ఎవరికీ చేరలేదు. ఆ పత్రాల మీద చివరిదాకా మిగిలిన ఇద్దరిలో ఎవరి పేరు ఎదుటా అంకె లేదు. కాలువలో వదిలిన నీరంతా పొలానికి చేరదు, దారిలో కొంత ఇంకిపోతుంది. ఈ ఓట్లూ అంతే. వీటిని నేను "ఇంకిన ఓట్లు" అంటాను. ఇంతకంటే మంచి మాట మీకు తడితే వాడుకోండి, నాకు పట్టుదల లేదు.

ఈ లెక్కను నేను గళ్ళ కాగితం మీద గీసి చూశాను. 50,000కు ఒక సెంటీమీటరు చొప్పున తొలి లెక్కలో గిరి పట్టీ ఎనిమిది సెంటీమీటర్లు, సంజీవరెడ్డిది ఆరుంబావు, దేశ్‌ముఖ్‌ది రెండుంబావు. ఆ రెండుంబావు పట్టీని నీటి పాయలాగా చీల్చి గీస్తే, దానిలో పెద్ద పాయ సంజీవరెడ్డి వైపు మళ్ళుతుంది, చిన్న పాయ గిరి వైపు, రెండు మిల్లీమీటర్ల సన్నని చార ఎటూ పోకుండా నేలలోకి. చివరి తేడా మూడు మిల్లీమీటర్లు. గిరి పట్టీ గెలుపు గీతను దాటిన మేర అర మిల్లీమీటరు కూడా లేదు. నా పెన్సిలు గీతే అంతకంటే మందంగా ఉంది. ఈ ఒక్క చిత్రం చూసినవాడు పైన చెప్పిన కంఠస్థ వాక్యాన్ని మళ్ళీ ఎన్నడూ అదే అర్థంలో పలకలేడు. ఆ ఇంకిన 10,833 మొత్తంగా సంజీవరెడ్డికే పోయినా ఆయన మొత్తం 4,16,260 దగ్గర ఆగేదనీ, గిరిని అందుకునేది కాదనీ కూడా అదే కాగితం చెబుతుంది.

నా వాదన ఇది. ప్రాధాన్య ఓట్ల ఎన్నికలో ఓటు కదులుతుంది. కదిలే వస్తువును కదలని బొమ్మలో బంధించి చూపడం ఫలితాన్ని చూపడం కాదు, దాచడం. పోనీ కదలికను చూపుతున్నామని చెప్పుకునే బొమ్మలైనా నిజం చెబుతున్నాయా అంటే, అవి మరింత అందంగా దాస్తున్నాయి. ఈ రెండు రకాల వారితోనూ నాకు పేచీ ఉంది. మొదటివారితో మొదలుపెడతాను.

మనకు ఈ పద్ధతి పరాయిది కాదు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, రాజ్యసభ ఎన్నికలు దీనితోనే జరుగుతాయి. అవి ప్రజాప్రతినిధుల వ్యవహారం, మనకెందుకని అనుకున్నా, శాసనమండలి పట్టభద్రుల, ఉపాధ్యాయుల స్థానాల్లో లక్షలాది మామూలు ఓటర్లు ఊదారంగు కలంతో 1, 2, 3 అంకెలు వేసి వస్తున్నారు. 2021 మార్చిలో హైదరాబాదు–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ చేశారు. బ్యాలెట్టు పత్రం దినపత్రికలాగా విప్పుకోవలసి వచ్చింది. లెక్కింపు నాలుగు రోజులు సాగింది. ఆ నాలుగు రోజులూ మన తెరల మీద కనిపించింది ఏమిటి? "ఆధిక్యం" అన్న ఒక్క మాట, దాని పక్కన ఒక అంకె.

ఆధిక్యమన్నది క్రికెట్టు స్కోరులాంటి మాట. శాసనసభ ఎన్నికలో రౌండు రౌండుకూ కొత్త ఓట్లు లెక్కిస్తారు గనక అక్కడ ఆ మాటకు అర్థముంది. అక్కడ రౌండంటే ఇంకొన్ని ఓట్లు. ఇక్కడ తొలి ప్రాధాన్యాలు పూర్తయ్యాక వచ్చే రౌండంటే ఒక అభ్యర్థి తొలగింపు. కొత్త ఓటు ఒక్కటీ రాదు, ఉన్న ఓట్లే ఇల్లు మారతాయి. రెండింటికీ ఒకే మాట, ఒకే పట్టీ, ఒకే రంగు వాడితే చూసేవాడికి ఏమర్థమవుతుంది? "నిన్న రాత్రి దాకా ముందున్నవాడు తెల్లారేసరికి ఎలా ఓడిపోయాడు?" అన్న అనుమానం పుడుతుంది. అనుమానం తరువాత ఆరోపణ, ఆరోపణ తరువాత ఊరేగింపు.

ఇది ఊహ కాదు. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానంలో తొలి ప్రాధాన్య ఓట్లు వైసీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డికి 95,969, తెలుగుదేశం అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డికి 94,149. తేడా 1,820. పంపకం ముగిసేసరికి రాంగోపాల్‌రెడ్డికి 1,09,781, రవీంద్రారెడ్డికి 1,02,238. గెలుపు తేడా 7,543. మామూలు పట్టీల బొమ్మలో ఇది అద్భుతం, లేదా మోసం. ఎవరి పార్టీని బట్టి వారికి. ప్రవాహంగా గీసి చూడండి, ఇందులో అద్భుతమూ లేదు, మోసమూ లేదు. తొలగిపోయిన వారి ఓట్లలో 15,632 ఒకవైపు మళ్ళాయి, 6,269 మరొకవైపు మళ్ళాయి. అంతే. ఆ ఓట్లు అర్ధరాత్రి ఎక్కడి నుంచో ఊడిపడలేదు. పోలింగు రోజునే ఓటరు తన చేత్తో రాసిన అంకెలవి, పెట్టెలో అప్పటి నుంచీ ఉన్నవే. తొలి ప్రాధాన్యం ముగియగానే "ముందంజ" అని తెర మీద రాసినవారు, సగం రాతను మాత్రమే చదివి ఉత్తరమంతా చదివామని చెప్పిన వారితో సమానం.

దీనికి నాకు ఎదురయ్యే జవాబు ఎప్పుడూ ఒక్కటే: "ఇవన్నీ సామాన్యుడికి అర్థం కావండీ, పట్టీ అయితేనే అర్థమవుతుంది." ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరా సామాన్యుడు? చీటీపాటలో ఈ నెల పాడితే ఎంత నష్టం, ఆఖరి నెలదాకా ఆగితే ఎంత లాభం అని నోటిలెక్కన చెప్పే గృహిణియా? ఎగువ తూము ఎంత ఎత్తితే తన పొలానికి ఎన్ని గంటల నీరొస్తుందో, కాలువలో ఎంత ఇంకిపోతుందో చెప్పగల రైతా? ప్రవాహాన్ని అర్థం చేసుకోవడానికి మన జనానికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అర్థం కాదన్నవాడు చెప్పేది తన బద్ధకం గురించి, జనం తెలివి గురించి కాదు. అంతకంటే పెద్ద విషయమొకటి ఉంది. వీరంతా పట్టభద్రుల స్థానాల ఓటర్లు! పట్టా చూపించి ఓటు పొందినవాడికి చిత్రం అర్థం కాదని అనడంలో హాస్యం ఎవరి మీద?

ఇక రెండోరకం వారు. వీరు మనవాళ్ళే. లెక్కలు తెలిసినవారు, గీయడం తెలిసినవారు, అంతర్జాలంలో కనిపించే రంగురంగుల ప్రవాహచిత్రాలను చూసి మురిసేవారు. వీరికి నేనంటున్నది ఏమిటంటే, మీ చిత్రం పట్టీ కంటే మంచిదే గాని రెండు చోట్ల అదీ దాస్తుంది. అది నిరూపించడానికి అలాస్కాకు పోవలసి ఉంది. ఎందుకంటే అక్కడ ఎన్నికల విభాగం ప్రతి ఓటుపత్రం మీది అంకెల క్రమాన్ని ఓటరు పేరు లేకుండా బహిరంగంగా పెట్టింది. మన దగ్గర అది లేదు.

2022 మార్చిలో అలాస్కా ప్రతినిధి డాన్ యంగ్ మరణించారు. ఆ ఖాళీకి ఆగస్టులో జరిగిన ఉపఎన్నికే ఆ రాష్ట్రంలో ప్రాధాన్య ఓటుతో జరిగిన తొలి రాష్ట్రవ్యాప్త ఎన్నిక. పోటీలో ముగ్గురు: డెమోక్రాటు మేరీ పెల్టోలా, రిపబ్లికన్లు సారా పేలిన్, నిక్ బెగిచ్. ఓటర్లు చేత్తో రాసిన ఇతర పేర్లను తొలగించాక పెల్టోలాకు 75,799, పేలిన్‌కు 58,973, బెగిచ్‌కు 53,810. మూడో స్థానంలో ఉన్న బెగిచ్‌ను తీసివేశారు. ఆయన ఓట్లలో 27,053 పేలిన్‌కు, 15,467 పెల్టోలాకు వెళ్ళాయి. 11,290 ఇంకిపోయాయి. చివరికి పెల్టోలా 91,266, పేలిన్ 86,026. పెల్టోలా 5,240 తేడాతో గెలిచారు.

మొదటి దాపరికం హారంలో ఉంది. చివరి దశలో పెల్టోలాకు 51.5 శాతం అని చెప్పారు. నూటికి యాభై దాటింది గనక మెజారిటీ. కానీ ఆ శాతం దేనిలో? మిగిలిన 1,77,292 ఓట్లలో. ముగ్గురూ ఉన్న దశలో మొత్తం 1,88,582. దానిలో ఆమె వాటా 48.4 శాతం. లవం మారలేదు, హారం మారింది. ఆ దశకు మిగిలిన ఓట్లలోనే సగం చూడాలన్నది అక్కడి చట్టం, కాబట్టి ఆమె గెలుపు చట్టరీత్యా నిక్కమైనదే. నాకు తగవు గెలుపుతో కాదు, చిత్రంతో. దశ దశకూ పట్టీని మళ్ళీ నూరు శాతానికి సాగదీసి గీస్తే ఇంకిన 11,290 మంది కాగితం మీద నుంచి మాయమైపోతారు. ఇంకిన ఓట్లు గెలుపు తేడాకు రెండింతలకు పైన ఉన్న ఎన్నిక అది! గిరి ఎన్నికలో ఇంకిన ఓట్లు ఫలితాన్ని మార్చగలిగేవి కావని ముందే చూశాం. ఇక్కడ ఆ మాట అనలేం. ఈ రెండింటికీ ఉన్న భేదం చూపని చిత్రం ఎంత అందంగా ఉంటేనేం?

ఈ విషయంలో మన రాష్ట్రపతి ఎన్నిక నిబంధన నిజాయితీ గలది. మొదట చెల్లిన ఓట్లన్నిటిలో సగానికి పైన ఎంతో ఒకసారి నిర్ణయిస్తారు, ఆ గీత చివరిదాకా కదలదు. 1969లో గిరి దాటింది 8,36,337లో సగాన్ని, మిగిలిన 8,25,504లో సగాన్ని కాదు. కాబట్టి గీసేవారికి నా మొదటి మనవి: గీత ఎక్కడ గీశారో అక్కడే ఉంచండి.

రెండో దాపరికం మరింత లోతైనది. ప్రవాహచిత్రంలో ఎవరి ఓట్లు ప్రవహిస్తాయి? తొలగిపోయిన వారివి మాత్రమే. చివరిదాకా నిలిచినవారి ఓట్లు కదలవు, కాబట్టి ఆ పత్రాల మీద రెండో అంకె ఎవరికుందో ఎవరూ చూడరు. అలాస్కాలో బెగిచ్ ఓటర్ల రెండో అభిప్రాయం అడిగారు. పేలిన్ ఓటర్ల రెండో అభిప్రాయం అడగలేదు, ఆమె చివరిదాకా ఉన్నారు గనక. బయటపెట్టిన పత్రాలను పరిశోధకులు తీసుకుని ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి లెక్కించారు. పెల్టోలా, బెగిచ్ ఇద్దరే ఉంటే బెగిచ్ వేల ఓట్ల తేడాతో గెలిచేవారు. బెగిచ్, పేలిన్ ఇద్దరే ఉంటే ఇంకా పెద్ద తేడాతో బెగిచ్ గెలిచేవారు. అంటే విడివిడిగా ఎవరితో తలపడినా గెలవగలవాడు అందరికంటే ముందు ఇంటికి పోయాడు!

ఇది విడ్డూరమేమీ కాదు. 2009లో వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్ నగర మేయరు ఎన్నికలోనూ ఇదే జరిగింది. తొలి లెక్కలో కర్ట్ రైట్‌కు 2,951, బాబ్ కిస్‌కు 2,585, ఆండీ మాంట్రోల్‌కు 2,063. చివరికి కిస్ 4,313, రైట్ 4,061. మధ్యలో తొలగిపోయిన మాంట్రోల్, పత్రాలను ఎదురెదురుగా లెక్కిస్తే, ఆ ఇద్దరినీ ఓడించగలిగినవాడు. మరుసటి ఏడాది 2010లో ఆ నగర ఓటర్లు ఆ పద్ధతినే రద్దు చేసుకున్నారు. మళ్ళీ మేయరు ఎన్నికకు దాన్ని తెచ్చుకోవడానికి 2023 దాకా పట్టింది. అలాస్కాలో 2024లో రద్దు చేయాలన్న ప్రతిపాదన వెయ్యికంటే తక్కువ ఓట్ల తేడాతో వీగిపోయింది. పద్ధతిని కాపాడుకోవాలనుకునేవారు దాని లోపాన్ని చిత్రంలో దాచిపెడితే కాపాడుకోగలరా? ఎవరో పరిశోధకుడు ఆరునెలల తరువాత బయటపెడితే ఓటరుకు కలిగే కోపం, ఫలితం రోజునే నాలుగు గళ్ళ పట్టికలో చూపితే కలగదు.

"గెలిచినవారి గెలుపును శంకించినట్టు కాదా?" అని అడుగుతారు. కాదు. నియమం ముందే అందరికీ తెలుసు, ఆ నియమం ప్రకారం గెలిచినవారే గెలిచారు. కబడ్డీలో ఎవరు గెలిచారన్నది పాయింట్లు చెబుతాయి, ఎవరు బాగా ఆడారన్నది చూసినవారు చెప్పుకుంటారు. రెండో ముచ్చట చెప్పుకున్నందుకు మొదటిది చెల్లకుండా పోదు. పైగా ఈ ఎదురెదురు పట్టిక చాలా ఎన్నికల్లో గెలిచినవారి గౌరవాన్ని పెంచుతుంది. ఎవరితో పోల్చినా ఈయనే మెరుగని ఓటర్లు చెప్పారని అది రుజువు చేస్తుంది. అలా రుజువు కానప్పుడు మాత్రమే ఇబ్బంది. ఆ ఇబ్బందిని తెలుసుకునే హక్కు ఓటరుకు లేదా?

ఇప్పుడు నిజంగా బరువున్న అభ్యంతరానికి వస్తాను, దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేను. "అలాస్కా చేసినట్టు ప్రతి పత్రాన్నీ బయటపెట్టమంటావా? ఓటు రహస్యం ఏమవుతుంది?"

మన దగ్గర అలా చేయకూడదనే నేనూ అంటాను. అక్కడ ముగ్గురు నలుగురు అభ్యర్థులు. మన దగ్గర 93 మంది. పది పేర్లను వరుసలో పెట్టడానికే 36,28,800 మార్గాలున్నాయి. పేర్లు యాభై దాటితే ప్రతి ఓటరుకూ ఒక వేలిముద్రలాంటి వరుసను కేటాయించవచ్చు. "ఒకటో అంకె మా వాడికి వెయ్యి, 17వ పేరుకు రెండు, 31వ పేరుకు మూడు, 8వ పేరుకు నాలుగు వెయ్యి" అని డబ్బిచ్చినవాడు చెబితే, ఆ తరువాత బయటపెట్టిన జాబితాలో ఆ వరుస ఉందో లేదో చూసుకుంటాడు. లేకపోతే డబ్బు వెనక్కి అడుగుతాడు. ఓటు కొనేవాడికి రశీదు ఇచ్చినట్టవుతుంది. మనకు అలాంటి వాళ్ళు తక్కువేమీ కాదు గనక ఇది ఊరికే భయపెట్టే మాట కాదు.

మొత్తాలు మాత్రమే ప్రకటించినా కొన్నిసార్లు రహస్యం జారిపోతుందనడానికి 1969 పట్టికే సాక్ష్యం. ఆనాడు ఒక పార్లమెంటు సభ్యుడి ఓటు విలువ 576. బాబూలాల్ మాగ్ అనే అభ్యర్థికి వచ్చిన మొత్తం కూడా 576. ఎంపీ ఒక్కరు తొలి ప్రాధాన్యం ఆయనకిచ్చారని ఆ అంకె చూడగానే తోస్తుంది. పేరు తెలియదు, అదృష్టం.

కాబట్టి నేను అడుగుతున్నది పత్రాలను కాదు, పత్రాల నుంచి తీసిన రెండు పట్టికలను. ఒకటి, ప్రతి దశలోనూ ఎవరి నుంచి ఎవరికి ఎన్ని ఓట్లు వెళ్ళాయి, ఎన్ని ఇంకిపోయాయి. లెక్కింపు బల్ల దగ్గర ఇది రాసుకోకుండా తరువాతి దశకు పోలేరు కదా! ఉన్నదాన్నే శుభ్రంగా ఒక పట్టికగా, కంప్యూటరు చదవగలిగే రూపంలో, అదే రోజున ప్రకటించమంటున్నాను. స్కాను చేసిన వంకర కాగితం కాదు. రెండు, తొలి లెక్కలో ముందున్న నలుగురిని ఇద్దరిద్దరిగా నిలబెట్టిన పోలిక. నలుగురికి ఆరు జతలే. ఇందులో ఏ ఒక్క ఓటరు వరుసా బయటపడదు. దీనికి అదనపు శ్రమ కావాలి, నిబంధనలు కొంత మారాలి, పత్రాలను యంత్రంతో చదివించవలసి రావచ్చు. నాలుగు రోజులు రాత్రింబవళ్ళు చేత్తో కట్టలు మోసి లెక్కించే సిబ్బందికి యంత్రం వస్తే శ్రమ పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది మీరే ఆలోచించండి.

ఇక గీసేవారికి. ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగనక్కరలేదు, ఉన్న అంకెలతోనే చాలా చేయవచ్చు. ప్రాధాన్య ఓట్ల ఫలితానికి చిత్రం గీస్తున్నామనే ప్రతివారూ ఈ నాలుగూ పాటించాలని నా కోరిక.

1. తొలి ప్రాధాన్యాల పట్టీ పక్కన "ఆధిక్యం", "ముందంజ" అన్న మాటలు రాయవద్దు. "తొలి ప్రాధాన్యం" అని రాయండి చాలు. గెలుపు గీత ఎక్కడుందో అదే పట్టీ మీద చూపండి. గీతకు ఇవతల ఉన్నవాడు ఇంకా గెలవలేదని చూడగానే తెలియాలి.

2. ఓటు ఎవరి నుంచి ఎవరికి పోయిందో పాయగా చూపండి. పాయ వెడల్పు ఓట్ల సంఖ్యకు సరిపోవాలి. పాయకు బయలుదేరినచోటి రంగే ఉంచండి. దేశ్‌ముఖ్ ఓటు సంజీవరెడ్డి పట్టీలో చేరాక కూడా అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

3. ఇంకిన ఓట్లకు ఒక రంగు, ఒక పట్టీ, అదే కొలతలో ఇవ్వండి. తెల్లగా వదిలేయడం వాటిని లేవనడమే. మొత్తం పొడవు మొదటి దశలో ఎంతో చివరి దశలోనూ అంతే ఉండాలి. అప్పుడు ఇంకినవి గెలుపు తేడా కంటే ఎక్కువా తక్కువా అన్నది కంటికే తెలిసిపోతుంది.

4. పత్రాల లెక్క దొరికినచోట ఎదురెదురు పోలికల పట్టిక చిత్రం కిందనే పెట్టండి. దొరకనిచోట "చివరిదాకా నిలిచినవారి ఓటర్ల రెండో ప్రాధాన్యం లెక్కించలేదు" అని ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం లేని ప్రవాహచిత్రం, అడగని ప్రశ్నకు జవాబు తెలిసినట్టు నటిస్తుంది.

ఇంత రాద్ధాంతం ఎందుకని అడిగేవారికి ఒక మాట. మామూలు ఎన్నికలో ఓటరు ఒక మాట చెబుతాడు. ప్రాధాన్య ఓటులో ఒక వాక్యం చెబుతాడు: "వీరు కావాలి, వీరు కాకపోతే వారు, వారూ కాకపోతే ఫలానావారు." అంత సున్నితమైన వాక్యాన్ని రాయించుకుని, దానిలో మొదటి పదాన్ని మాత్రమే తెర మీద చూపి, మిగతాదాన్ని గోనెసంచిలో కట్టి సీలు వేయడం ఓటరును అవమానించడమే. తన రెండో అంకె ఎక్కడికైనా పోయిందో లేదో తెలియనివాడు వచ్చేసారి రెండో అంకె వేయడం మానేస్తాడు. అతని ఓటు కూడా ఇంకిపోయేవాటిలో చేరుతుంది. అలా అందరూ ఒక్క అంకెతో ఆగిపోయిననాడు ప్రాధాన్య ఓటు పేరుకు మాత్రమే మిగులుతుంది. చిత్రం సరిగా గీయడం అలంకారం కాదని, ఆ పద్ధతికి ఊపిరి అని నేననేది అందుకే.

1969 అంకెలు పైన ఇచ్చాను, పశ్చిమ రాయలసీమ అంకెలూ ఇచ్చాను. గీయడం వచ్చిన మిత్రులెవరైనా ఈ ఆదివారం కూర్చుని గీసి చూపించండి. రంగులు మీ ఇష్టం. 10,833కు మాత్రం ఒక రంగు తప్పనిసరి. అది కనబడకపోతే వ్యాఖ్యల్లో వచ్చి పేచీ పెట్టేది నేనే.